ఈసారి ఇద్దరికీ టికెట్‌!

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల... ఈ పక్క విమానం పేరెత్తితే చాలు, గల్ఫే గుర్తొస్తుంది. ఎక్కేది ఒక్కరు. మిగతావాళ్లంతా వీడ్కోలు చెప్పేవాళ్లే. మరి భార్యాభర్తలిద్దరూ చెరో సంచీ భుజాన వేసుకుని, పని కోసం కాకుండా ఊరికే చూసొద్దామని విమానమెక్కితే? ఇబ్రహీంపట్నం నుంచి బ్యాంకాక్‌ వెళ్లే అలాంటి జంటకు తొలి నాలుగు రోజులు ఎలా గడుస్తాయంటే...

ఇబ్రహీంపట్నం మండలానికి ఉత్తరాన గోదావరి. ఎర్దండి ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపిస్తుంది. వరి, పసుపు, మొక్కజొన్న ఇక్కడి పంటలు. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లాలో కలిసేదాకా ఇది కరీంనగర్‌ జిల్లాలోని మండలం. నీళ్లున్నా, పొలాలున్నా ఈ ఊళ్ల మగవాళ్లలో చాలామంది కష్టం మాత్రం ఎడారి దేశాల్లోనే కరిగింది. ఆడవాళ్లు అరుగుల మీద బీడీలు చుడుతూ ఇల్లు నడిపారు. అప్పు తీరాలి, పెంకుటిల్లు పోయి స్లాబు పడాలి, చెల్లి పెళ్లి కావాలి... కారణం ఏదైనా పోవాల్సింది మాత్రం దుబాయో, మస్కటో, సౌదీయో!

అలాంటి ఇంటి నుంచే ఓ జంట బయల్దేరిందనుకుందాం. పెళ్లయి పన్నెండేళ్లు. అందులో పదేళ్లు అతను గల్ఫ్‌లోనే ఉన్నాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. అంటే ఆ పదేళ్లలో ఇద్దరూ కలిసి గడిపింది అటూఇటుగా పది నెలలు. ఇంకో విచిత్రం కూడా ఉంది. పదేళ్లు విదేశంలో ఉన్న మనిషి విదేశాన్ని చూసిందే లేదు. క్యాంపు, బస్సు, సైటు... మళ్లీ బస్సు, క్యాంపు. అంతే! ఇక పోనని తిరిగొచ్చేశాక, మిగిలిన పైసల్లోంచి కొంత తీసి భార్యను అడుగుతాడు... ‘ఎటన్న పోయొద్దామా?’ అని. ఆమె తిరుపతో, కొండగట్టో అనుకుంటుంది. అతను బ్యాంకాక్‌ అంటాడు.

పెట్టె కాదు, సంచీ!

హైదరాబాద్‌ నుంచి నేరుగా వెళ్లే విమానంలో బ్యాంకాక్‌ మూడున్నర గంటల దూరం. మన గడియారం కన్నా అక్కడ గంటన్నర ముందు. భారతీయులకు వీసా లేకుండా రానిచ్చే వెసులుబాటును థాయ్‌లాండ్‌ 2023 నవంబరులో 30 రోజులకు ఇచ్చింది. 2024 జులైలో 60 రోజులకు పెంచింది. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్‌ కొనేముందు ఓసారి సరిచూసుకోవడం మంచిది. 2025 మే నుంచి డిజిటల్‌ అరైవల్‌ కార్డు కూడా వచ్చింది. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైట్లు కనిపిస్తే అవి నకిలీవో, దళారులవో అని గుర్తు!

అతని పాస్‌పోర్టు నిండా ముద్రలే. ఆమెది కొత్తది. కరీంనగర్‌ వెళ్లి చేయించుకొచ్చింది. సామాను దగ్గర మొదటి పేచీ మొదలవుతుంది. అతనికి తెలిసిన విదేశీ ప్రయాణమంటే తాడుతో బిగించి, పెద్దక్షరాలతో పేరు రాసిన అట్టపెట్టె. దుప్పట్లు, సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరాలు... మోయలేనంత బరువు. ఇప్పుడేమో బ్యాక్‌ప్యాకింగ్‌. వీపున మోసుకుని నడవగలిగినంతే సామాను. ప్యాకేజీ టూరు ఉండదు, గైడు ఉండడు. చవక గదిలో దిగడం, బస్సులో పడవలో తిరగడం, నచ్చినచోట ఆగడం. తలా ఏడు కిలోలు మించకుండా సర్దుతారు. అందులోనూ ఆమె ఓ పొట్లం సకినాలు దూర్చేస్తుంది. అతను అరచేతిలో తూచి చూసి ఏమీ అనడు.

పిల్లలిద్దరూ నానమ్మ దగ్గర. వాకిట్లో ఏడ్చేవాళ్లెవరూ లేకుండా ఆ ఇంటి నుంచి విమానానికి బయల్దేరడం అదే మొదటిసారి.

మొదటి రోజు: బియ్యం బజారులో బస

దిగగానే కనిపించే పేరు సువర్ణభూమి. 2006లో తెరిచిన విమానాశ్రయం అది. పేరు చదవగానే అర్థమైపోతుంది కదా! ఇమిగ్రేషన్‌ వరసలో అతను ఠీవిగా ముందు నిలబడతాడు. ఈ విద్యలో తాను ఆరితేరినవాడు. తిరుగు టికెట్‌, గది బుకింగ్‌ కాగితాలు చేతిలో సిద్ధం. ఆమె వెనకే వస్తుంది, పాస్‌పోర్టును గుండెకు అదుముకుని. ముద్ర పడ్డాక ఆ పేజీని ఊది ఆరబెడుతుంది.

విమానాశ్రయం అడుగు అంతస్తు నుంచే నగరంలోకి రైలుంది. 2010లో మొదలైంది. చివరి స్టేషన్‌ ఫయా థాయ్‌. టికెట్‌ 45 బాత్‌. ఒక బాత్‌ను దాదాపు మూడు రూపాయల కింద లెక్కేసుకుంటే జేబు దెబ్బతినదు. అక్కడి నుంచి మీటరు వేసే టాక్సీ పట్టుకుంటే ఖావ్‌శాన్‌ రోడ్డు.

ప్రపంచంలోని సంచీ యాత్రికులందరికీ తెలిసిన వీధి ఇది. నాలుగువందల మీటర్లుంటుందేమో. 1980ల నుంచి చవక గదులకు పేరుమోసింది. రాత్రయితే పాటలు, దీపాలు, వేయించిన తేళ్లు అమ్మే బండ్లు, జడలల్లే అమ్మాయిలు... చెవులు చిల్లులు పడే గోల! అయితే ఈ పేరుకు అర్థం తెలిస్తే జగిత్యాలవాళ్లు ఆశ్చర్యపోతారు. ఖావ్‌ అంటే వరి, శాన్‌ అంటే మరపట్టినది. అంటే బియ్యం బజారన్నమాట! 1892లో ఐదో రామ రాజు కాలంలో వేసిన ఈ వీధిలో అప్పట్లో బియ్యం వ్యాపారం జరిగేది. రైసుమిల్లుల ప్రాంతం నుంచి వచ్చి బియ్యం బజారులోనే దిగారన్నమాట!

పక్క సందులో ఫ్యాను గది. బల్ల దగ్గర కూర్చున్నావిడ పాస్‌పోర్టులు అడుగుతుంది. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది. గల్ఫ్‌లో దిగిన మొదటి రోజే పాస్‌పోర్టు కంపెనీ చేతికి పోవడం, మళ్లీ సెలవుకే కంటపడటం చాలామందికి అనుభవమే. ఇక్కడ మాత్రం ఆవిడ రెండింటినీ ఫొటో తీసి, చిరునవ్వుతో రెండు చేతులా తిరిగిచ్చేస్తుంది. ‘గంతేనా?’ అంటాడు అతను తెలుగులోనే. ఆమెకు ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆ రాత్రి అడిగితేగానీ తెలియదు. పదేళ్లలో ఫోన్లో ఎన్నడూ చెప్పని సంగతులు అక్కడ మొదలవుతాయి... బయట పాటల హోరు మధ్య, గొంతు పెంచి మాట్లాడుకుంటూ.

రెండో రోజు: కొండగట్టు అంజన్న ఇక్కడెట్లున్నడు?

పొద్దున్నే రోడ్డు దాటేటప్పుడు తమాషా జరుగుతుంది. థాయ్‌లాండ్‌లో మనలాగే బండ్లు ఎడమవైపు నడుస్తాయి. గల్ఫ్‌లో కుడివైపు. పదేళ్ల అలవాటుతో అతను ముందు ఎడమకు చూసి అడుగేస్తాడు. కుడివైపు నుంచి బస్సు! ఆమె చెయ్యిపట్టి వెనక్కి లాగుతుంది. ‘దునియా తిరిగినోనివి... రోడ్డు దాటరాదా?’ అని నవ్వుతుంది. ఆ తర్వాత ఏ రోడ్డు దగ్గరైనా ముందు ఆమే.

గ్రాండ్‌ ప్యాలెస్‌ దారిలో ఒకాయన మంచి ఇంగ్లిషులో పలకరిస్తాడు. ఇవ్వాళ ప్యాలెస్‌ మూసేశారని, ఇరవై బాత్‌లకే టుక్‌టుక్‌లో వేరే గుళ్లన్నీ చూపిస్తానని అంటాడు. ఇది బ్యాంకాక్‌లో పాత మోసం. ఆ టుక్‌టుక్‌ చివరికి ఆగేది రంగురాళ్ల దుకాణం ముందే. అతను సగం నమ్మేస్తాడు. ఆమె మాత్రం ఎదురుగా చూస్తుంది. ‘మరి గా జనమంత ఎటు పోతున్నరు?’ అంటుంది. అంగట్లో పదేళ్లు ఒంటరిగా బేరమాడిన అనుభవం ఊరికే పోతుందా!

లోపలికి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. ఆమె చుడీదార్‌కు అడ్డు లేదు. కొత్తగా కొన్న నిక్కరుతో వచ్చిన అతన్నే ఆపేస్తారు. ఎదురుగా దుకాణంలో ఏనుగుబొమ్మల పైజామా కొని తొడుక్కోవాల్సిందే. టికెట్‌ మనిషికి 500 బాత్‌. గుండె గుభేలుమంటుంది. ఇద్దరికీ మూడువేల రూపాయలు! బయటే నిలబడి ‘నువ్వు చూసిరా, నేనుంట’ అంటాడు. ఆమె కదలదు. ‘ఒక్కదాన్ని చూసుడేనా మళ్ల?’ అంటుంది. రెండు టికెట్లూ తీసుకుంటారు.

పెట్టిన డబ్బుకు ఫలితం లోపల గోడల మీదుంది. మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న వరండా పొడవునా రామాయణమే. వాళ్ల పేరు రామకియన్‌. మొత్తం 178 చిత్రాలు. రావణుణ్ని ఇక్కడ తోత్సకన్‌ అంటారు. దశకంఠుడే నోరు తిరిగి అలా అయ్యాడు. మరకత బుద్ధుడు నిజానికి పచ్చటి జేడ్‌ రాతి విగ్రహం. ఎత్తు 66 సెంటీమీటర్లే అయినా ఈ దేశానికి అదే పెద్ద దైవం.

తెల్లటి హనుమంతుణ్ని ఆమె వెంటనే గుర్తుపడుతుంది. నోటిని గుహలా తెరిచి రాముడి విడిదిని కాపాడే హనుమంతుడు ఓ గోడమీద కనిపిస్తాడు. జగిత్యాల జిల్లావాళ్లకు అంజన్న అంటే కొండగట్టు అంజన్నే. దీక్ష తీసుకుని మాల వేసుకునే ఇళ్లు అవి. అక్కడున్న పుస్తకంలో మరో చిత్రం కింద రాసింది అతను కూడబలుక్కుని చదువుతాడు. రామకియన్‌లో హనుమంతుడు బ్రహ్మచారి కాదు. రావణుడి కూతురు, మత్స్యకన్య అయిన సువన్నమచ్ఛ మీద మనసు పడతాడు. కొడుకు కూడా పుడతాడు! ‘అంజన్నకు పెండ్లా?’ అని ఆమె లెంపలేసుకుంటుంది. కాసేపాగి ‘ఎవలి అంజన్న వాళ్లకు’ అని సర్దుకుంటుంది. ఒకే కథ సముద్రం దాటి ఎన్ని రూపాలెత్తుతుందో అర్థం కావడానికి అంతకన్నా పెద్ద పాఠం అక్కర్లేదు.

పేర్లు చూస్తున్నకొద్దీ చుట్టరికాలు బయటపడతాయి. సవాద్దీ అన్న పలకరింపు స్వస్తి నుంచి వచ్చింది. మగవాళ్లు చివర ఖ్రప్‌ అనీ, ఆడవాళ్లు ఖా అనీ చేరుస్తారు. చేతులు జోడిస్తే అది వాయి... మన నమస్కారమే. నది ఒడ్డున ఫ్రా ఆథిత్‌ రోడ్డంటే ఆదిత్యుడి వీధి. నది అవతల వాట్‌ అరుణ్‌ అరుణుడి పేరిట వెలసిన ఆలయం. అంతెందుకు, బ్యాంకాక్‌ అనేది బయటివాళ్లు పిలిచే పేరు. వాళ్లకు ఇది క్రుంగ్‌ థెప్‌ మహానఖోన్‌. 1782లో మొదటి రామ రాజు రాజధానిని ఇక్కడికి మార్చినప్పుడు పెట్టిన పూర్తి పేరు ప్రపంచంలోకెల్లా పొడవైన స్థలనామంగా గిన్నిస్‌లోకెక్కింది. ఇంద్రుడి ఆజ్ఞతో విశ్వకర్మ కట్టిన నగరమన్న మాట కూడా అందులో ఉంది.

మన జిల్లాలోనే కోటిలింగాల ఉంది. గోదావరి ఒడ్డున శాతవాహనుల నాణేలు బయటపడిన చోటు. ఆ కాలంలో కృష్ణా తీరాన అమరావతిలో వెలిగిన శిల్పరీతి ఆగ్నేయాసియా తొలినాటి బుద్ధ విగ్రహాల మీద ప్రభావం చూపిందని కళాచరిత్రకారులు చెబుతారు. వాట్‌ ఫోలో 46 మీటర్ల పొడవున పడుకున్న బంగారు బుద్ధుడి పాదాల దగ్గర నిలబడ్డప్పుడు అది గుర్తుకొస్తే, పరాయి చోటికి వచ్చినట్టనిపించదు. గోడవెంట వరసగా ఉన్న 108 కంచు పాత్రల్లో ఒక్కో నాణెం వేస్తూ పోతారు అందరూ. ఆ గలగల గుడంతా వినిపిస్తూ ఉంటుంది. ఆమె వేసేది అతను, అతను వేసేది ఆమె లెక్కపెడతారు.

మూడో రోజు: రోట్లో దంచుడు... ఏటి మీద పడవ

రెండు రోజులకే సకినాలు అయిపోతాయి. ఇక వీధి తిండే గతి. మాంసం తినేవాళ్లకైనా ఏ మాంసమో తెలియాలి కదా! మూ అంటే పంది, నువా అంటే ఎద్దు, గై అంటే కోడి. ఈ మూడు ముక్కలు వస్తే సగం భయం పోతుంది. నీసు ముట్టనివాళ్లయితే పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసిన కొట్టు వెతుక్కోవాలి. మై ఫెట్‌ అంటే కారం వద్దని. కరీంనగర్‌ కారానికి అలవాటుపడ్డ నోళ్లకు ఆ మాటతో పనిలేదు.

సోమ్‌ తమ్‌ చేసే బండి ముందు ఆమె నిలబడిపోతుంది. పచ్చి బొప్పాయి తురుము, మిరపకాయలు, వెల్లుల్లి, నిమ్మరసం, తాటిబెల్లం రోట్లో వేసి దంచుతుంటారు. అచ్చం తొక్కు నూరినట్టే! చేపల నుంచి తీసే నామ్‌ ప్లా అనే ద్రవం వాసన మాత్రం కొంచెం ఇబ్బంది పెడుతుంది. బండావిడ ఆమె చూపు గమనించి రోకలి చేతికిస్తుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఎంత దంచాలో ఇద్దరికీ తెలుసు. తర్వాత మామిడిపండు, కొబ్బరిపాలలో కలిపిన జిగురన్నం. మామిడితోటల జిల్లా నుంచి వచ్చినవాళ్లు పండును అన్నంలో తినడమేంటని ముందు నవ్వినా, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగరు.

మధ్యాహ్నం చావ్‌ ఫ్రాయా నది. నారింజరంగు జెండా ఉన్న పడవెక్కితే తక్కువ టికెట్‌కే నగరమంతా చూసేయొచ్చు. గోదావరి పొడవులో నాలుగోవంతు ఉంటుందేమో ఈ నది. కానీ ఎంత రద్దీ! బడిపిల్లలు, ఆఫీసులకు పోయేవాళ్లు, కాషాయం కట్టిన భిక్షువులు... పడవ ఒడ్డును తాకీ తాకకముందే దూకేస్తుంటారు. భిక్షువుల కోసం వేరే చోటుంటుంది. ఆడవాళ్లు వాళ్లను తాకకూడదు. పక్కన కూర్చోకూడదు. ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

పడవలో ఉండగానే ఊరి నుంచి ఫోన్‌. వరసకు తమ్ముడు. ‘అన్నా, బ్యాంకాక్‌ల కంప్యూటర్‌ పని ఉన్నదట. ఏజెంటు రమ్మంటున్నడు. నువ్వు ఆడనే ఉన్నవు గద, ఓసారి కనుక్కోరాదు?’ అంటాడు. అతని ముఖం మారిపోతుంది. ఈ కబురు వెనకున్న కథ పేపర్లో చదివిందే. బ్యాంకాక్‌లో ఉద్యోగమని చెప్పి, సరిహద్దు పట్నం మే సాట్‌ మీదుగా మయన్మార్‌కు దాటించి, సైబర్‌ మోసాల ముఠాలకు అప్పగించిన ఉదంతాలు ఎన్నో. 2025 మార్చిలో వాయుసేన విమానాలు మే సాట్‌ నుంచి 500 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చాయి. వాళ్లలో తెలంగాణ యువకులూ ఉన్నారు. ఊరికే చూడ్డానికిచ్చే అనుమతితో అక్కడ పనిచేయడం నేరం. ఈసీఆర్‌ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన 18 దేశాల జాబితాలో థాయ్‌లాండ్‌ కూడా ఉంది.

‘కంపెనీ పేరేంది? కాగితం ఉన్నదా? పర్మిటెవరు ఇస్తరు? పాస్‌పోర్టు ఎవల దగ్గరుంటది?’ అని అతను వరసగా అడుగుతాడు. ఒక్కదానికీ జవాబు రాదు. ‘నేనొచ్చేదాంక ఒక్క రూపాయి గూడ కట్టకు’ అని ఫోన్‌ పెట్టేస్తాడు. పదేళ్ల కిందట ఆ ప్రశ్నలు తాను అడగలేదన్న సంగతి పక్కనున్న ఆమెకూ తెలుసు. అప్పటి ఏజెంటుకు కట్టిన అప్పును ఆమే కదా బీడీల పైసలతో తీర్చింది!

ఆ రాత్రి నిద్రపట్టక ఇద్దరూ పాక్‌ ఖ్లోంగ్‌ తలాత్‌కు వెళతారు. ఇరవైనాలుగు గంటలూ నడిచే పూల అంగడి. కొండల్లా పోసిన బంతిపూలు, రేకులు మడిచిన తామరమొగ్గలు, మల్లెమొగ్గలతో కూర్చిన దండలు. ఆర్కిడ్లయితే కట్టలకు కట్టలు. బంతిపూలు చూడగానే ఆమెకు బతుకమ్మ కళ్లముందు కదులుతుంది. తంగేడు, గునుగు మాత్రం ఎంత వెతికినా కనిపించవు. ‘నేను చేసిన బతుకమ్మ నువ్వు ఎన్నేండ్లు చూశినవు?’ అని అడుగుతుంది. అతని సెలవు ఎప్పుడూ ఎండాకాలంలోనే. అతను బదులు చెప్పడు. ఇరవై బాత్‌లు పెట్టి చిన్న పూలదండ కొంటాడు.

నాలుగో రోజు: రైలు కిటికీ పక్కన

నాలుగో రోజుకు నగరం కొంత లొంగుతుంది. 1999 డిసెంబరులో మొదలైన స్కైట్రైన్‌లో చిల్లర వేసి టికెట్‌ తీయడం ఆమెకు వచ్చేస్తుంది. సీలోమ్‌ వీధిలో తమిళులు కట్టిన మారియమ్మన్‌ గుడి కనిపిస్తుంది. అందులో మనవాళ్లకన్నా థాయ్‌ భక్తులే ఎక్కువ ఉన్నారని ఆమె గమనిస్తుంది. ఖర్చులు రాసే చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చి రెండు రోజులైంది. బేరం ఆమెది, బరువు అతనిది. దారి తప్పితే తప్పు ఇద్దరిదీ!

పొద్దున 1916 నాటి హువా లంఫోంగ్‌ స్టేషన్‌కు చేరతారు. పెద్ద పెద్ద రైళ్లు 2023 జనవరి నుంచి కొత్త స్టేషన్‌కు మారిపోయాయి. సాధారణ రైలులో మూడో తరగతి టికెట్‌ తీసుకుంటారు. వెళ్లేది అయుధ్యకు. సుమారు 80 కిలోమీటర్లు. మన అయోధ్య పేరు పెట్టుకున్న నగరం. 1351 నుంచి నాలుగు శతాబ్దాలు రాజధానిగా వెలిగి, 1767లో బర్మా సేనల చేతిలో కాలిపోయింది. రావిచెట్టు వేళ్ల నడుమ చిక్కుకున్న బుద్ధుడి శిరస్సు అక్కడ ఉంది. 1991లో యునెస్కో ఆ శిథిలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కిటికీలకు అద్దాలు తెరిచే ఉంటాయి. పైన ఫ్యాన్లు తిరుగుతుంటాయి. గంట గడిచేసరికి మేడలు వెనక్కిపోయి పొలాలు మొదలవుతాయి. నీళ్లు నిలిచిన మళ్లు, గట్ల మీద తెల్లటి కొంగలు. అతను కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, ఆమె భుజం మీదుగా వంగి చూస్తాడు. ఏ రకం వరో, ఎన్ని రోజుల పంటో ఇద్దరూ వాదించుకుంటారు.

‘పసుపు బెట్టరా వీళ్లు?’ అంటుందామె.

‘దిగినంక అడుగుదాం పా.’

ఎన్ని రోజులున్నయని ఆమె అడగదు. సెలవు మొదలైన మొదటి రాత్రి నుంచే అడిగే ప్రశ్న అది. వారం తర్వాత తిరుగు విమానం. ఆ కాగితం మీద కూడా రెండు పేర్లున్నాయి.